ఉక్కుపై వేటచిత్రములు

పాతవస్తువులను సేకరించువారిలో జర్మనీదేశపు వేటతుపాకులను వెదకువారిది ఒక ప్రత్యేకమైన తెగ. ఉక్కుపై దుప్పి, అడవిపంది, నక్క మున్నగు జంతువుల బొమ్మలు చెక్కిన తుపాకులనిన వారికి మరింత ప్రీతి. ఇది కలవారి వేడుక మాత్రమేయని తోపవచ్చును. కాని ఆ బొమ్మలలో ఒక జాతి సాంఘికచరిత్ర ఇమిడియున్నదని మేము మనవి చేయదలచినాము.

తురింగియా అడవికొండల నడుమ సూల్ అను పట్టణము కలదు. ఇనుపఖనిజము, కొలుములకు కట్టెబొగ్గు, నీటిచక్రములను త్రిప్పు సెలయేళ్లు ఒక్కచోటనే లభించుటచే 16వ శతాబ్దిలోనే అచ్చట తుపాకుల పని వేళ్లూనినది. ముప్పదేండ్ల యుద్ధములో, 1634లో, ఆ ఊరు తగులబడినది. అయినను పని అంతరింపలేదు. 1751లో సావర్ సంస్థయు, 1898లో మెర్కెల్ సంస్థయు అక్కడనే పుట్టినవి.

అయితే వేటాడినది ఎవరు? చిరకాలము దుప్పివంటి పెద్దజంతువుల వేట ప్రభువుల సొత్తు. దుప్పులు పైరును మేసిపోయినను రైతు వానిని కొట్టరాదు. 1848 విప్లవము ఈ హక్కును రద్దుచేసి, వేటను భూస్వామ్యముతో ముడిపెట్టినది. ప్రష్యాలో 1850 నాటి శాసనము ప్రకారము 300 మోర్గెనులు, అనగా సుమారు 190 ఎకరములు, ఒక్కచోట ఉన్నవాడే తన భూమిలో స్వయముగా వేటాడవచ్చును. చిన్నకమతములన్నిటిని కలిపి వేటహక్కును కౌలుకిచ్చెడివారు. ఆ విధముగా పట్టణములందలి వర్తకులు, వైద్యులు, ఉద్యోగులు కౌలుదారులై అడవిలో అడుగుపెట్టినారు.

ఈ క్రొత్త వేటగానికి ఒక్క పూటలోనే కుందేలు ఎదురుపడవచ్చును, పక్షి లేవవచ్చును, పంది రావచ్చును. ఆ అవసరమునకు సరిపడునదే 'డ్రిల్లింగ్' అను మూడు గొట్టముల తుపాకి. సాధారణముగా దానిలో పైన ప్రక్కప్రక్కన రెండు నునుపుగొట్టములు చిన్న సీసపు గుండ్లకు, క్రింద గాడులు గల గొట్టమొకటి పెద్దజంతువునకు గురిపెట్టి కాల్చుటకు అమర్చెడివారు.

చెక్కడపు పని ఉక్కును గట్టిపరచుటకు ముందే జరుగును. పనివాడు సుత్తితోను, సన్నని ఉలితోను రోమరోమము కనబడునట్లు బొమ్మను తీర్చును. ఒకవైపు కొమ్ములెత్తిన దుప్పి, మరొకవైపు అడవిపంది, చుట్టును ఓకు ఆకుల తీగ. ఆగ్స్‌బర్గు చిత్రకారుడు రిడింగర్ (1698–1767) అచ్చువేసిన వేటచిత్రములు తుపాకిపనివారికి చాలకాలము మాతృకలైనవి. ఒకనాడు ప్రభువు తప్ప మరెవ్వరును తాకరాని దుప్పి ఈ విధముగా ఒక వర్తకుని తుపాకిపైకి వచ్చి నిలిచినది. వైచిత్ర్యమేమనగా, గొట్టముపై సంస్థ పేరుండును; బొమ్మ చెక్కినవాని పేరు చాలవరకు ఉండదు.

వయస్సు తెలిసికొనుటకు గొట్టముల అడుగున చూడవలెను. 1891 నాటి జర్మను శాసనమును అనుసరించి పరీక్షించిన తుపాకులపై కిరీటము, అక్షరములు గల ముద్రలుండును. కిరీటము క్రింద 'ఎన్' అక్షరమున్నచో పొగలేని మందుతో పరీక్షించినదని అర్థము. కొన్నిటిపై నెల, సంవత్సరముల అంకెలును కనబడును. ఎనిమిది మిల్లీమీటర్ల తుపాకులలో పాతవాని గొట్టము క్రొత్తవానికంటె ఇరుకు. పేరు ఒక్కటేయని వెడల్పు గుండును ఇరుకు గొట్టములో కాల్చుట ప్రాణాపాయము.

ముద్రలు చెప్పని సంగతులును కలవు. 1938 నవంబరు 11న నాజీ ప్రభుత్వము యూదులు ఆయుధములు కలిగియుండరాదని ఉత్తరువు చేసి, వారివద్ద ఉన్నవానిని పరిహారమీయకయే లాగికొన్నది. 1945 ఏప్రిలులో అమెరికను సేన సూల్‌ను పట్టుకొన్నది. జులైలో సోవియట్ సేన వచ్చినది. ప్రజలు అప్పగించిన తుపాకులలో అనేకము నాశనమైనవి. కొన్ని సైనికుల మూటలలో సముద్రము దాటినవి. సావర్ సంస్థ పిదప పశ్చిమ జర్మనీలోని ఎకెర్న్‌ఫోర్డెలో తిరిగి నిలద్రొక్కుకొన్నది.

కావున అందమైన తుపాకిని చేతబట్టిన సేకర్త ముందుగా వేయవలసిన ప్రశ్న దాని వెల ఎంతయని కాదు. ఇది ఎవరిది, వారి చేతినుండి ఎట్లు జారినది అని. సమాధానము దొరికినంతవరకు వ్రాసి తుపాకితోపాటు భద్రపరచవలెను. మెరుగు కొఱకు దానిని అరగదీయరాదు. ఒక్కమారు సానపట్టినచో దుప్పిమేని రోమరేఖలు చెరిగిపోవును. వానితోపాటు పేరు మిగుల్చుకొనని ఆ పనివాని చేతివ్రాలును పోవును. అతడు మనకు విడిచిన గురుతు అదియొక్కటే.