అంచు మీద వేలు పెట్టి చూడండి

బుధవారం పొద్దున్న. షిప్‌షెవానా సంతలో ఎండ ఇంకా ముదరలేదు. ఇండియానా రాష్ట్రానికి ఉత్తరపు కొస ఇది, ఆమిష్ రైతులుండే సీమ. రోడ్డు వారన గుర్రబ్బండ్లు వరసగా ఆగి ఉన్నాయి. వేసవిలో వారానికి రెండు రోజులే ఈ సంత. అతుకుల బొంతలు, తేనె సీసాలు, తుప్పు పట్టిన పనిముట్లు దాటుకుంటూ వచ్చి మీరు ఒక బల్ల దగ్గర ఆగిపోయారు. బల్ల నిండా పాత గాజు సీసాలే. నీలివి, పచ్చని ఛాయవి, రంగే లేనివి. పళ్లూ కూరగాయలూ ఏడాది పొడవునా నిలవ ఉంచుకోవడానికి అమెరికా ఇళ్లలో వాడిన సీసాలవి. బల్ల వెనక మడతకుర్చీలో ఒక పెద్దాయన కాఫీ తాగుతున్నాడు.

చెయ్యి తిన్నగా పెద్ద అక్షరాలున్న దాని మీదికే పోతుంది. ఎవరిదైనా అంతే. లేత నీలిపచ్చ గాజు మీద ఉబ్బెత్తుగా, మేసన్ పేటెంట్, నవంబర్ 30, 1858 అని ఇంగ్లిషులో ఉంది. అంత పాతదా అని మీ గుండె ఒక్కసారి ఝల్లుమంటుంది. తొందరపడకండి. ఆ తేదీ పేటెంటుది, సీసాది కాదు.

ఆ రోజున జాన్ లాండిస్ మేసన్ అనే రేకుల పనివాడు సీసా మెడకు మర పోసే పద్ధతికి పేటెంటు పుచ్చుకున్నాడు. అప్పటికి అతనికి ఇరవై ఆరేళ్లు. అంతకుముందు సీసా నోటి చుట్టూ ఉన్న గాడిలో రేకుమూత కూర్చోబెట్టి, పైన కరిగిన మైనం పోసేవారు. మైనం ఎక్కడ బీటవేసినా లోపలి సరుకంతా పాడే. మర మూత వచ్చాక ఆ బెంగ తీరింది. పేటెంటు గడువు ముగిశాక ఎన్నో గాజు కర్మాగారాలు అదే సీసాను, అదే తేదీతో సహా పోశాయి. 1900 దాటినా మానలేదు. కొనేవాళ్లకు ఆ తేదీయే నమ్మకమైపోయింది మరి. మేసన్ మాత్రం 1902లో న్యూయార్క్‌లో పేదవాడిగానే కన్నుమూశాడు. అతని పేరుతో ఇన్ని కంపెనీలు బతికాయి కదా అని ఆ అక్షరాలు తడిమినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

సరే, అక్షరాలు వదిలెయ్యండి. మూత తీసి పక్కన పెట్టి, చూపుడువేలు అంచు మీద మెల్లగా చుట్టూ తిప్పండి.

గరుగ్గా తగిలిందా? అయితే అది నోటితో ఊదిన సీసా. ఊదుగొట్టం చివర కరిగిన గాజు ముద్ద పెట్టి, అచ్చులోకి దించి ఊదేవారు. అచ్చు పైకి పొంగిన గాజును తర్వాత విరగ్గొట్టేవారు. విరిగినచోట చెయ్యి తెగకుండా సాన మీద అరగదీసేవారు. ఆ అరుగుదలే మీ వేలికి తగులుతున్నది. అక్కడక్కడా చిన్న చిన్న పెచ్చులు లేచి ఉంటాయి, వాటికి బెదరకండి. మూత బిగిస్తే అవి కనబడవు. ఇప్పుడు సీసాను ఎండకు ఎత్తిపట్టండి. గాజులో బుడగలు, పల్చటి చారలు. ఒక పక్క మందం, ఒక పక్క పలచన. ఒంటి మీద సుత్తితో తట్టినట్టు సన్నటి సొట్టలు కూడా ఉంటే, అచ్చు ఇంకా చల్లగా ఉండగానే పోశారన్నమాట. ఆ పొద్దుటి కొలిమిలో తొలి సీసాల్లో ఇదొకటి అయ్యుండొచ్చు. నేను అన్నిటికంటే ముందు వెతికేది ఆ సొట్టలనే.

పక్కనున్న నీలి సీసా అంచు తడమండి. నున్నగా ఉంది. పక్కవైపు అచ్చు అతుకు గీత పైదాకా పాకి, అంచు ఎక్కేసింది. ఇది యంత్రం చేసినది. తిరగేస్తే అడుగున, మధ్యకు కాస్త ఎడంగా, వంకరటింకర వలయపు మచ్చ. మైకేల్ ఓవెన్స్ యంత్రం కరిగిన గాజును పీల్చుకుని కత్తిరించినప్పుడు పడే మచ్చ ఇలాగే ఉంటుంది. ఆ యంత్రం 1903 నాటిది, కాబట్టి ఇలాంటి మచ్చ ఉన్న సీసా ఏదీ అంతకంటే పాతది కాదు.

ఈ నీలి సీసా మీద బాల్ అని కలిపిరాత అక్షరాల్లో ఉంది. ఐదుగురు అన్నదమ్ముల కంపెనీ అది. బఫెలోలో వాళ్ల కర్మాగారం తగలబడ్డాక, ఇండియానాలో సహజవాయువు పడిందని విని ఇటు కదిలారు. మన్సీ ఊరివాళ్లు భూమీ, గ్యాసూ, 5,000 డాలర్లూ ఇస్తామన్నారు. 1888 నుంచి అక్కడ కొలుములు మండాయి. ఈ నీలం వాళ్లకే ప్రత్యేకం. మిషిగన్ సరస్సు ఒడ్డు ఇసుకలోని ఇనుమే ఈ రంగుకు కారణమంటారు. మిషిగన్ సిటీ దగ్గర హూజియర్ స్లైడ్ అనే ఇసుకదిబ్బ ఉండేది, దాదాపు 200 అడుగుల ఎత్తు. గాజు కర్మాగారాల కోసం ఆ ఇసుకను రైలు పెట్టెల్లో తోలి తోలి, 1920 నాటికి దిబ్బనే లేకుండా చేశారు. ఇప్పుడు అక్కడ కరెంటు కేంద్రం నిలబడి ఉంది. ఈ సీసాలో ఆ దిబ్బ కొంత ఉండొచ్చు.

అక్షరాల తీరు చూసి ఏళ్లు కూడా లెక్కగట్టొచ్చు. బాల్ అన్న రాతలో చివర మూడో ఎల్ ఉన్నట్టు మెలిక కనబడితే సుమారు 1900–1910. మధ్యలోని ఇంగ్లిషు ‘a’ అక్షరం కిందికి జారినట్టుంటే 1910–1923. పేరు కింద గీత లేదంటే 1933 తర్వాతది.

"ఆ అడుగున 13 ఉంది, చూశారా?" అన్నాడు పెద్దాయన. "ఆ అంకె అపశకునమని సీసాలు పగలగొట్టేసేవారట. అందుకే దానికి ధర ఎక్కువ."

నవ్వి ఊరుకోండి. ఆ అంకె అచ్చు నంబరు, అంతే. 13 అచ్చు కూడా మిగతా వాటిలాగే పనిచేసింది.

జింకు మూత తిప్పి చూస్తే లోపల పాలరంగు గాజు బిళ్ల. 1869లో లూయిస్ బాయిడ్ పేటెంటు పొందిన ఉపాయం. జింకుకు పులుపు తగిలితే రుచి చెడుతుంది, అందుకు ఈ అడ్డు. ఆవకాయ జాడీకి వాసెన కట్టి, లోహం దరిచేరనివ్వని ఇళ్లలో పెరిగినవాళ్లకు ఈ బిళ్ల ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. అమెరికాలో మేసన్ సీసాల్లో ఆవకాయ పెట్టి, మూత తుప్పు పట్టడం చూసిన తెలుగువాళ్లకు మరీను.

బల్ల చివర ముదురు ఊదారంగు సీసా మెరుస్తోంది. దాన్ని ముట్టుకోకండి. పాత గాజు తెల్లగా రావాలని మాంగనీసు కలిపేవారు. ఏళ్ల తరబడి ఎండ తగిలితే ఆ గాజు లేత వంగపండు ఛాయకు తిరుగుతుంది. ఎండ ఇచ్చే రంగు అంతవరకే. ఇంత చిక్కగా, ఇంత సమంగా ఉందంటే రేడియేషన్ పెట్టి తిప్పిన రంగని అనుమానించాలి.  నిజమైన వస్తువును ఇలా పాడుచేస్తారే అని నా బాధ.

ఇక బేరం గరుకు అంచుదానికి చెయ్యండి. పెచ్చు చూపించి తగ్గించమంటే పెద్దాయన కాస్త తగ్గుతాడు, పాత న్యూస్‌పేపర్లో చుట్టి ఇస్తాడు కూడా. ఇంటికెళ్లాక చల్లారిన నీళ్లతోనే కడగండి. వేణ్నీళ్లు పోశారో, ఇన్నేళ్లు నిలిచిన గాజు నిలువునా చిట్లొచ్చు. లోపల తెల్లటి మరక వదలకపోతే బియ్యపు గింజలూ నీళ్లూ పోసి గిలకరించండి. అప్పటికీ పోకపోతే అది మరక కాదు, గాజుకే పట్టిన జబ్బు. అది ఎంత తోమినా పోదు, అలాగే ఉండనివ్వండి.