బీబీసీ సింగర్స్: విద్యార్థి స్వరకర్తల శిక్షణ

బీబీసీ సింగర్స్ 1924లో మొదలైన బ్రిటిష్ వృత్తి గాయక బృందం. విద్యార్థి స్వరకర్తలు రాసిన బృందగానాలను కార్యశాలల్లో పాడి వినిపించడం దీని పనుల్లో ఒకటి. కంప్యూటర్‌లో వినేటప్పుడు ఏ రచనైనా సాఫీగానే సాగుతుంది. కంప్యూటర్‌కు ఊపిరి అక్కర్లేదు. మనుషులు పాడినప్పుడే దమ్ము ఎక్కడ చాలదో, సోప్రానోల (హెచ్చు స్థాయి స్త్రీ గొంతుల) పైస్థాయిలో ఏ మాట చెదిరిపోతుందో, ఆల్టోలు (తగ్గు స్థాయి స్త్రీ గొంతులు) తమ తొలి స్వరాన్ని ఎందుకు అందుకోలేకపోతున్నారో తెలిసివస్తుంది. పుస్తకాలు నేర్పలేని విద్య ఇది.

కొత్తవారిని నమ్మడం ఈ బృందానికి పాత అలవాటే. రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో చదువుతూ స్వరకర్త బెంజమిన్ బ్రిటన్ మొదలుపెట్టిన 'ఎ బాయ్ వాజ్ బోర్న్' అనే బృందగానాన్ని 1934 ఫిబ్రవరిలో, అతనికి 20 ఏళ్లప్పుడు, తొలిసారి పాడింది ఈ గాయకులే. ఇంత చరిత్ర ఉన్నా, 2023 మార్చిలో బృందాన్ని రద్దు చేస్తామని బీబీసీ ప్రకటించింది. నిరసనలు వెల్లువెత్తడంతో అదే నెలలో ఆ నిర్ణయాన్ని ఆపింది.