చదివి చెప్పినవారు

తాను చదివి మెచ్చిన గ్రంథమును తోడిపాఠకునకు చెప్పి చదివించుట తెలుగుదేశమున మిక్కిలి పాత మర్యాద. అచ్చు ప్రబలక పూర్వము అది పురాణకాలక్షేప రూపమున నుండెను. గ్రామమున నొక్కరు చదువగా, అక్షర మెఱుగనివారును చావడియరుగులపై కూర్చుండి విని, మఱునాడు పొలముగట్లపై ఆ కథనే తమలో తాము తర్కించుకొనుచుండిరి. అయితే భారత భాగవతముల గొప్పతనమునకు ఎవ్వరును పూచీపడవలసిన పని లేదు. అవి శ్రోతకు చిన్ననాటినుండి పరిచితములు. పందొమ్మిదవ శతాబ్ది చివరిభాగమున నవలయు, దాని వెనువెంట చరిత్ర, శాస్త్ర గ్రంథములును వెలువడ నారంభించినప్పుడే, ఎన్నడును పేరు వినని పుస్తకమును నమ్మి చేతబట్టుటకు పాఠకునకు మఱియొకరి మాట ఆవశ్యకమైనది.

కందుకూరి వీరేశలింగము పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ‘వివేకవర్ధని’ పత్రికయందు వెలువడి, 1880లో పుస్తకమై వచ్చినది. తరువాత ‘చింతామణి’ పత్రికవారు నవలల పోటీలు పెట్టిరి; 1894లో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి ‘రామచంద్ర విజయము’ అట్లే బహుమతి పొందినది. పండితులు పరీక్షించి మెచ్చినారన్న వార్తయే ఆనాటి పాఠకునకు తొలి సిఫారసు.

విజ్ఞాన చంద్రికా మండలి చేసిన పని దీనికంటె సాహసవంతమైనది. మునగాల సంస్థానమున దివానుగా నుండిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు ప్రభృతులతో కలిసి 1906లో హైదరాబాదున స్థాపించిన ఈ మండలి, ఇంకను అచ్చుకాని గ్రంథములకు ముందుగనే చందాదారులను చేర్చుకొనెను. తొలి గ్రంథము కావ్యము కాదు, నవల కాదు. హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. ఎక్కడి లింకను! ఎక్కడి తెలుగు గృహస్థు! సముద్రముల కావలనున్న దేశమున బానిసల విడుదలకై పోరాడినవాని కథ మనవారు చదువవలసినదని నిశ్చయించి, ఆ నిశ్చయమును తన పేరుతో పాఠకుని ముందుంచుటలో నున్న ధైర్యమును నే నెంతయు గౌరవింతును. 1910లో చిలుకూరి వీరభద్రరావుగారి ‘ఆంధ్రుల చరిత్రము’ మొదటి భాగము వెలువడునాటికి, తమ జాతి గతమును తమ భాషలో చదువగోరెడి పాఠకులు ఏర్పడియుండుటకు ఇట్టి ముందు గ్రంథములే కారణమని నా నమ్మకము.

కాని చందా కట్టగలవా రెందఱు? 1911 జనాభా లెక్కలనాటికి చెన్నరాజధానిలో నూటికి పదిమందికైనను అక్షరములు రావు. ఈ లోపమును పూరింప యత్నించినది గ్రంథాలయోద్యమము. హైదరాబాదున 1901లోనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1914లో బెజవాడ రామమోహన గ్రంథాలయమున చిలకమర్తివారి అధ్యక్షతను జరిగిన సభలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడగా, అయ్యంకి వేంకటరమణయ్యగారు దానికి ప్రాణమై నిలిచిరి. నేతపనివారు విరివిగా నివసించు వేటపాలెమున 1918లో సారస్వత నికేతనము వెలసినది. దాని భవనమునకు 1929లో గాంధీమహాత్ముడు శంకుస్థాపన చేసెను.

పల్లెటూరి గ్రంథాలయమున కార్యదర్శి యనగా పుస్తకముల బీరువాకు తాళము వేయువాడు మాత్రమే కాడు. సాయంకాలము పత్రికను బిగ్గఱగా చదివి వినిపించువాడును, ఎవ్వరి చేతికే పుస్తకమిచ్చిన వారు మరల వత్తురో యెఱిగినవాడును అతడే. గడపదాటి రాలేని స్త్రీల కొఱకు ఇండ్లకు గ్రంథములు చేర్చుటయు ఆ సేవలో భాగమే. నవలలు యువకులను చెఱచునని పెద్దలు గొణుగుచున్నను, వివేకముగల కార్యదర్శి వానిని నిషేధింపలేదు. నవలకై వచ్చినవాని రుచి కనిపెట్టి, చారిత్రక నవల ముగించినవాని చేతిలో నిజమైన చరిత్రను, ఒక మహాపురుషుని కథ మెచ్చినవాని చేతిలో మఱియొకరి జీవితమును ఉంచెను. ఇట్టి సూక్ష్మమైన పాఠకజ్ఞానము ఏ గ్రంథసూచియందును దొరకదు. ఊరివారి ముఖములు చూచుచు పదేండ్లు కూర్చున్నవానికే అది అబ్బును.

గ్రంథాలయమునకు జనులు రాకున్నచో గ్రంథాలయమే జనుల యొద్దకు పోవలెనని పాతూరి నాగభూషణముగారు తలచిరి. 1935లో కాలువపై పడవ గ్రంథాలయము నడిపించిరి. రేవు రేవున పడవ ఆగుట, చదివిన పుస్తక మిచ్చి క్రొత్తది తీసికొనుట, ఎట్లున్నదని అడిగినవానికి తోడి ప్రయాణికుడు బదులు చెప్పుట, ఇవన్నియు ఒక్కచోటనే జరుగవలసిన ఏర్పాటది. బాటలు లేని కృష్ణా పరిసర గ్రామములకు ఇంతకంటె తగినది మఱియొకటి తోపదు.

నైజాము రాజ్యమున స్థితి వేఱు. అచ్చట తెలుగు చదువుటయే కష్టసాధ్యము. సభ జరుపుటకును సర్కారు అనుమతి కావలసియుండెను. ఆ దినములలో వట్టికోట ఆళ్వారుస్వామిగారు చూపిన మార్గము నాకు అన్నిటికంటె ఆదరణీయము. నల్లగొండ ప్రాంతమున పేదకుటుంబమున పుట్టి, పరుల యిండ్లలో వంటపని చేయుచు చదువు నేర్చుకొనిన యీ మహానుభావుడు 1938లో సికింద్రాబాదున దేశోద్ధారక గ్రంథమాల నెలకొల్పి, ముద్రించిన పుస్తకముల మూట తానే మోసికొని ఊరూర తిరిగి అమ్మెను. ప్రచురించినవాడే విక్రేత, విక్రేతయే పాఠకుడు, చదువుమని చెప్పెడి నోరును, మూట మోసెడి భుజమును ఒక్కరివే. కావుననే కొన్నవాడు తన చేతికి వచ్చినది సరకు కాదని గుర్తించెను.

పిమ్మట ఆయన స్వయముగా నవల వ్రాసెను. ‘ప్రజల మనిషి’ని ఇంతవఱకు చదువనివారికి నేనీ సందర్భమున గట్టిగా చెప్పదలచితిని. దిమ్మెగూడెమను పల్లెలో దొరల పెత్తనమును, వెట్టిని, వానికి లోబడియు లోబడని జనుల గుండెలను ఇంత దగ్గఱగా చూపిన తెలుగు నవలలు కొలదియే. కల్పనకై కల్పించిన సంఘటనలు దానిలో లేవు; మూటతో తిరిగినవాడు ఏ యింట కూర్చుండెనో, ఎవరి గోడు వినెనో, అదియంతయు అందున్నది. ముందుగా దానిని చదివి, తరువాత మాడపాటి హనుమంతరావుగారి ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’ను చేతికి తీసికొనినచో, నవలలోని మనుష్యులే చరిత్రలో పేరుతోను, పేరులేకయు నడచుట కనబడును.