పరదేశ యుద్ధములు - మన పనివారు

1941 డిసెంబరు 23వ తేదీన పసిఫిక్ మహాసముద్ర మధ్యముననున్న వేక్ అను చిన్నదీవి జపానువారి వశమయ్యెను. ఆ దినముననే రంగూను పట్టణముపై జపాను విమానములు మొదటిసారి బాంబులు కురిపించెను. ఈ రెండు తావులందును ఆపదపాలైనవారిలో ఆయుధము పట్టనివారే పెక్కుమంది. వేక్ దీవిలో నుండినవారు సైనిక స్థావరమును కట్టుటకై గుత్తసంస్థలు తెచ్చిన అమెరికా పనివారు. వేయిమందికి పైబడి యుండిరి. రంగూను రేవులో నుండినవారు మూటలు మోయు మన తెలుగు కూలీలు. ఒకే దినమున ఒకే శత్రువుచేత దెబ్బతిన్న యీ యిరు తెగలవారికి పిమ్మట లభించిన న్యాయము మాత్రము ఒకటి కాదు. ఆ భేదమేల కలిగెనో విచారించుట నేటికిని అవసరము. ఏలయన మన యిండ్లనుండి యువకులు కలత మానని దేశములకు బ్రతుకుతెరువుకై యిప్పటికిని పోవుచునే యున్నారు.

పనిలో పడినవాని సంసారమును కాచుట పని చేయించుకొన్నవాని ధర్మమను తలంపు మనకు క్రొత్తది కాదు. రాజకార్యమున మరణించిన భృత్యుని భార్యాబిడ్డలకు భత్యవేతనములు ముట్టవలెనని కౌటిల్యుడు అర్థశాస్త్రమున విధించెను. ఇంగ్లండునందో, జీతమునకు ఒప్పుకొన్నవాడు అపాయమునకును ఒప్పుకొన్నట్లేయని 19వ శతాబ్దమున న్యాయస్థానములు చాలకాలము తీర్పులు చెప్పుచు వచ్చెను. యజమాని తప్పున్నను లేకున్నను, పనివలన కలిగిన దెబ్బకు పరిహార మీయవలెనను సూత్రమును 1897లో అచటి పార్లమెంటు కొన్ని వృత్తులవరకు అంగీకరించెను. మన దేశమున 1923లో పుట్టిన కార్మిక పరిహార చట్టమునకు అదియే మూలము. అయినను ఒక చిక్కు మిగిలెను. యంత్రము చేయి నలిపినచో అది పనివలన కలిగిన దెబ్బయే. శత్రువు బాంబు వేసినచో అది పనివలన కలిగినదా, దైవవశమున కలిగినదా? రంగూను కూలీకి వచ్చిన ఆపద యీ రెండవ తరగతికి చెందినది.

రంగూనును మనవారు "రంగము" అనిరి. గోదావరి, విశాఖపట్టణము, గంజాము జిల్లాలనుండి కూలీలు ఓడలెక్కి యచటికి పోవుచుండిరి. కోరంగి రేవు పేరునుబట్టి బర్మావారు వీరిని కోరంగీలనిరి. బియ్యపు మరలును, ఓడరేవును చాలవరకు వీరి భుజములపై నడచెను. అయినను వీరిలో పెక్కుమందికి తమ యజమాని యెవడో తెలియదు. ఓడసంస్థ పనిని గుత్తదారునకిచ్చును, గుత్తదారు మేస్త్రికిచ్చును, మేస్త్రి దారిఖర్చులకు అప్పిచ్చి కూలీని తెచ్చి, ఆ అప్పును వాని కూలినుండి పట్టుకొనును. పై పుస్తకములలో మేస్త్రి పేరుండునే కాని కూలీ పేరుండదు. 1930 మే నెలలో వీరు కూలి హెచ్చింపుకై సమ్మె చేయగా బర్మావారిని పనిలో పెట్టిరి. సమ్మె తీరినంతనే వారిని తీసివేసిరి. అందువలన రేగిన కలహమున నూరుమందికి పైగా హతులైరి. లాభము పైవారిది, రక్తము క్రిందివారిది.

1937లో బర్మా భారతదేశమునుండి వేరగుటచే రంగూను చట్టరీత్యా పరదేశమయ్యెను. నాలుగేండ్లకు బాంబులు పడెను. విమానములు పోరాడుట యెన్నడును చూడని జనము వీధులలో నిలిచి వింతగా చూచుచుండగా మృత్యువు వారిపై బడెను. కూలీలు రేవు విడిచి ప్రోము దారిని పట్టిరి. యుద్ధసామగ్రి దింపువారు లేక ప్రభుత్వము కలవరపడి, పారిపోవువారిలో కొందరిని మరల రప్పించెను. 1942 మార్చిలో రంగూను పడిపోవుటతో ఆ యాశయు తీరెను. బర్మానుండి కొండదారులను, అడవులను బట్టి నడచివచ్చిన భారతీయులు అయిదు లక్షలవరకు నుందురు. విషజ్వరముచేతను, ఆకలిచేతను దారిలో పడిపోయినవారు వేలకొలది. మన దేశమున పనివాని యుద్ధగాయములకు యజమానిని బాధ్యునిచేసి, అందుకై భీమా కట్టించు చట్టము 1943లో వచ్చెను. కాని అది బ్రిటిషు ఇండియాలోని పనివారికే గాని, బర్మా దారిలో కాలము చేసిన కూలీకి కాదు.

వేక్ దీవి పనివారి కథ వేరు. పరదేశమందలి తమ సైనిక స్థావరములలో పనిచేయు గుత్తసంస్థల పనివారికి పరిహారము కట్టడి చేయుచు అమెరికావారు 1941 ఆగస్టులోనే డిఫెన్స్ బేస్ చట్టమును చేసియుండిరి. వేక్ మున్నగు తావులలో పనివారు చెరపడగా ఆ చట్టము చాలలేదు. చెర గాయము కాదు గదా! అందుచే 1942 డిసెంబరులో మరియొక చట్టము చేసిరి. శత్రువు చేజిక్కినవానిని పూర్తిగా అశక్తుడైనవానివలె నెంచి, వాడు తిరిగి వచ్చువరకు ఇంటివారికి సొమ్ము ముట్టచెప్పవలెనని విధించిరి. ఈ చట్టములు ప్రాణములను కాపాడలేదు. ఆ దీవిలోనే యుంచబడిన 98 మంది పనివారిని 1943 అక్టోబరులో జపానువారు కాల్చి చంపిరి. కాని వారెవరో, ఎవరి పనివారో, వారి ఇండ్లెచటనో యెరిగిన ప్రభుత్వమొకటి యుండెను. కోరంగి కూలీకి కొరవడినది అదియే.

ఆ చట్టమునందును ఒక కళంకము కలదు. అది అన్యదేశీయులకును వర్తించును. క్రింది గుత్తదారు భీమా కట్టనిచో పై గుత్తదారును బాధ్యుని చేయును. ఇవి మెచ్చదగినవి. కాని అమెరికా వెలుపల నివసించు అన్యదేశీయుని వితంతువునకు ముందుముందు రావలసిన వాయిదాలను ఒక్కమారుగా తీర్చివేయునపుడు, లెక్కకు వచ్చిన మొత్తములో సగమిచ్చి చేతులు కడుగుకొనుటకు అది యనుమతించును. ఇరాకు, ఆఫ్ఘనిస్థాను యుద్ధములలో వంట చేయుటకును, బట్టలుతుకుటకును, లారీలు నడపుటకును దక్షిణాసియానుండి వేలమంది పోయిరి. ఒకే వాహనమున ఒకే బాంబుచేత మరణించిన యిద్దరిలో ఒకని ప్రాణము నిండు వెల, మరియొకనిది సగము వెల యగుట యే ధర్మశాస్త్రమునకు సమ్మతము?

ఇది దూరదేశపు వార్త కాదు. 2006 ఏప్రిల్ చివరిదినములలో, బహ్రెయిను సంస్థయొకదాని తరపున ఆఫ్ఘనిస్థానులోని జాబుల్ మండలమున టెలిఫోను పనిచేయుచుండిన హైదరాబాదు ఇంజనీరును తాలిబానులు పట్టుకొని చంపిరి. 2015 జూలైలో లిబియాలోని సిర్త్ విశ్వవిద్యాలయమున పాఠములు చెప్పు తెలుగువారిద్దరు అపహరింపబడి, ఏడాదికి పైగా చెరలో నుండి 2016 సెప్టెంబరులో విడుదలైరి. వీరు కూలీలు కారు, విద్యావంతులు. పనిచేసిన దేశమొకటి, జీతమిచ్చిన సంస్థది మరియొకటి, ఎదురుచూచు ఇల్లాలిది వేరొకటి. ఏ దేశపు చట్టము ఆమెకు దిక్కు? మన 1923 చట్టమును పరదేశమందలి పనివారికి విస్తరించుచు 1995లో చేసిన సవరణ భారతదేశమున నమోదైన సంస్థలకే చెల్లెను. 2003లో ఏర్పడిన ప్రవాసి భారతీయ బీమా యోజన ప్రమాదమరణమునకు పది లక్షల రూపాయలవరకు ఇచ్చునట్లు పెంపబడినది. కాని అది విధిగా కట్టవలసినవారు సాధారణముగా పదవ తరగతి దాటనివారే. చదువుకొన్నవాడు తనను తాను కాచుకొనగలడని ప్రభుత్వము తలంచినది. మనమును అట్లే తలంచి మోసపోవుచున్నాము.

అడిక్‌మెట్టునుండి ఆర్టీసీ చౌరస్తాకు పోయినచో, ఆల్విన్ కర్మాగారమున కార్మికుడుగా జీవితమారంభించి 1980లో ముఖ్యమంత్రియైన అంజయ్యగారి పేర కార్మిక సంక్షేమ భవనము కలదు. ఈ నగరమున పనిలో చేయి పోగొట్టుకొన్నవాని భార్యకు తట్టుటకు ఒక తలుపు కలదు. జాబుల్‌లో భర్తను కోల్పోయిన స్త్రీకి అట్టి తలుపేది? మన ప్రభుత్వములు పరదేశపు యజమానులతో ఒడంబడిక చేసికొని దానిని చూపవలసియున్నది. అంతవరకు మనచేతిలోనిది మనము చేయవలెను. బిడ్డను విమానమెక్కించుటకు ముందు జీతమెంతయని యడుగుదుము. నియోగించు సంస్థ పేరేమి, దానిపైనున్న గుత్తదారెవరు, భీమా యెచటిది, ఆ పత్రమున భార్యపేరు వ్రాయబడినదా యని యడుగము. అమెరికా చట్టము ప్రకారము దెబ్బ తగిలిన ముప్పది దినములలో తెలుపవలెను, సాధారణముగా ఏడాదిలోపల దావా వేయవలెను. ఏడ్చుటకే యా యేడాది చాలని యింటిలో ఈ గడువు తెలిసినవారు ఒక్కరైన నుండవద్దా? ఆ కాగితములను ఇల్లాలిచేత చదివించి, ఒక ప్రతిని ఆమె పెట్టెలో నుంచుట అపశకునమని వెరచువారు కలరు. పుస్తకమున పేరులేని కోరంగి కూలీకి జరిగినది తలంచినచో, కాగితము లేకుండుటయే అపశకునమని వారికి బోధపడును.