తనఖా ఇల్లు, దివాలా కోర్టు: అమెరికా రైతుల అనుభవం



"అప్పు తల మించితే ఐ.పి. పెడితే సరి, అన్నీ ఎగిరిపోతాయి" అని రచ్చబండ దగ్గర అనగా మీరు వినే వుంటారు. ఈ మాటలో సగమే నిజం. ప్రోనోటు మీద తెచ్చిన అప్పు వేరు, ఇల్లో పొలమో తనఖా పెట్టి తెచ్చిన అప్పు వేరు. మొదటిది మనిషి మీది బాకీ. రెండవది ఆస్తిని పట్టుకొని వుండే బాకీ. మనిషి దివాలా తీసినా తనఖా చావదు. మన దేశంలో 1920లో వచ్చిన ఇన్సాల్వెన్సీ చట్టం కూడా తనఖాదారు హక్కు జోలికి పోలేదు.

అయితే పంట ధర కూలి, ఊళ్ళకు ఊళ్ళే వాయిదాలు కట్టలేని స్థితి వస్తే ఏం చేయాలి? ఈ ప్రశ్న 1930 తరువాత అమెరికా రైతులకు ఎదురైనది. వారి కథ మనం తెలుసుకోదగినది.

మొదటి ప్రపంచ యుద్ధం నాడు అక్కడ గోధుమలకు గిరాకీ హెచ్చినది. 1919లో బుషెల్ ధర 2 డాలర్లు దాటినది. బుషెల్ అంటే సుమారు 27 కిలోలు. ఆ ధర చూసి చాలామంది రైతులు ఉన్న భూమిని, ఇంటిని తనఖా పెట్టి కొత్త భూములు కొన్నారు. 1932 వచ్చేసరికి బుషెల్‌కు 40 సెంట్లు కూడా దొరకలేదు. లెక్క వేసి చూడండి. వెయ్యి డాలర్ల అప్పు తీర్చడానికి మునుపు 500 బుషెళ్ళు చాలేవి, ఇప్పుడు 2,500 అమ్మినా చాలవు. కాగితం మీద ఒక్క డాలరు పెరగకపోయినా, గింజల లెక్కన అప్పు అయిదింతలైనది. పైగా ఆనాటి తనఖాలు చాలావరకు మూడేళ్ళకో అయిదేళ్ళకో గడువు తీరేవి. మంచి రోజుల్లో బ్యాంకి గడువు తిరగరాసేది. ఇప్పుడు ఆ బ్యాంకులే మూతపడుతున్నవి.

వేలాలు మొదలైనవి. ఇరుగుపొరుగు రైతులు గుంపుగా వచ్చి, ఆవుకు కొన్ని సెంట్లు, నాగలికి కొన్ని సెంట్లు మాత్రమే పాడేవారు. పై పాట పాడవచ్చిన కొత్తవాడికి కళ్ళెర్ర చేసేవారు. పాడుకున్న సరుకు మళ్ళీ సొంతదారుకే ఇచ్చేవారు. అయోవా రాష్ట్రంలో వ్యవహారం ఇంకా ముదిరినది. 1933 ఏప్రిల్ 27న లెమార్స్ పట్టణంలో, ఇక తనఖా వేలాలకు సంతకం పెట్టనని మాట ఇమ్మని రైతులు జడ్జి బ్రాడ్లీని కోర్టు నుంచి ఈడ్చుకుపోయి మెడకు తాడు వేశారు. ఆయన మాట ఇవ్వలేదు, ప్రాణాలతో బయటపడ్డారు. గవర్నరు ఆ జిల్లాలో సైనిక శాసనం విధించినాడు. ఇట్లా వేలాన్ని ఒక రోజు ఆపగలిగినా, తనఖా మాత్రం తీరలేదు. దానికి చట్టమే కావలసివచ్చింది.

అదే నెలలో మిన్నెసోటా రాష్ట్రం ఒక చట్టం చేసింది. వేలమైన ఆస్తిని విడిపించుకొనే గడువును కోర్టు పొడిగించవచ్చును. అయితే యజమాని ఊరకే కూర్చోరాదు, న్యాయమైన అద్దె కట్టుతుండాలి. మిన్నియాపోలిస్‌లో బ్లైస్‌డెల్ దంపతుల ఇల్లు 1932లో వేలమైనది. వారు కొన్ని గదుల్లో కాపురముంటూ మిగతావి అద్దెకిచ్చేవారు. నెలకు 40 డాలర్లు కట్టమని చెప్పి కోర్టు వారికి 1935 మే దాకా గడువిచ్చింది. ఋణదాత సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 1934 జనవరిలో అయిదుగురు జడ్జీలు అవునని, నలుగురు కాదని తీర్పు చెప్పగా ఆ చట్టం నిలిచింది.

1934 జూన్‌లో నార్త్ డకోటాకు చెందిన ఫ్రేజియర్, లెంకీ అనే ఇద్దరు ప్రజాప్రతినిధుల పేరిట దేశమంతటికీ దివాలా చట్టం వచ్చింది. దివాలా తీసిన రైతు భూమికి నాటి ధర కట్టిస్తారు. ఋణదాత ఒప్పుకుంటే ఆ ధరను ఆరేళ్ళ వాయిదాల్లో కట్టి రైతు భూమి దక్కించుకోవచ్చు. ఒప్పుకోకపోతే అద్దె కట్టుతూ అయిదేళ్ళు అందులోనే వుండవచ్చు. కాని 1935 మేలో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా దీన్ని కొట్టివేసింది. తనఖాదారు హక్కు కూడా ఆస్తే, పరిహారం లేకుండా దాన్ని లాగుకోరాదని చెప్పింది. మూడు నెలల్లోనే చట్టాన్ని మళ్ళీ వ్రాశారు. గడువు మూడేళ్ళకు తగ్గించి, వేలం కోరే హక్కు ఋణదాతకు ఉంచారు. 1937లో అది కోర్టులో నిలిచింది.

ఆ సమయంలోనే మన ఆంధ్ర జిల్లాలు చేరివున్న మద్రాసు రాష్ట్రంలో రాజాజీ మంత్రివర్గం 1938లో వ్యవసాయదారుల ఋణ విమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందటి అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచివున్న వడ్డీ కొట్టివేశారు. అసలుకు రెట్టింపు అప్పటికే చెల్లించివుంటే బాకీయే తీరినట్లు. కొత్త అప్పులకు వడ్డీ రూపాయికి నెలకు ఒక పై, అనగా నూటికి ఏడాదికి ఆరుంబావు. అమెరికాలో భూమి ధరను బట్టి అప్పు తగ్గించచూశారు, ఇక్కడ వడ్డీని బట్టి తగ్గించారు.

అమెరికాలో ఆ పాఠం ఇప్పటికీ చట్టంలో కనబడుతుంది. అక్కడ పట్నవాసి దివాలా కోర్టుకు పోతే, తప్పిన వాయిదాలను కొన్నేళ్ళలో కట్టి ఇల్లు నిలుపుకోవచ్చు. అంతే గాని నివాసపు ఇంటి తనఖాను ఇంటి ధరకు తగ్గించడం కుదరదని 1993లో సుప్రీంకోర్టు తేల్చింది. సేద్యపు కుటుంబాలకు మాత్రం 1986లో వేరే అధ్యాయం పెట్టారు. అందులో తనఖా షరతులు మార్చవచ్చును. 2005లో దాన్ని శాశ్వతం చేశారు.

ఇక మన సంగతి. సివిల్ ప్రొసీజరు కోడ్ 60వ సెక్షను ప్రకారం సేద్యగాడు కాపురముండే ఇంటిని మామూలు బాకీకి జప్తు చేయరాదు. కాని తన చేతులతో తానే తనఖా పెట్టిన ఇంటికి సాధారణంగా ఆ రక్షణ అందదు. 2002 నాటి చట్టం ప్రకారం బ్యాంకులు 60 రోజుల నోటీసిచ్చి, కోర్టుకు పోకుండానే తనఖా ఇంటిని అమ్మవచ్చును. వ్యవసాయ భూమికి ఆ చట్టం వర్తించదు.

కాబట్టి పంట అప్పుకు ఇంటి కాగితాలు అడిగితే, వ్రేలిముద్రకో సంతకానికో ముందు నిదానించండి. పొలం పంట ఒక ఏడు పోతే మరో ఏడు వస్తుంది; ఇల్లు పోతే సేద్యం చేసే మనిషికే నిలువ నీడ వుండదు. నోటీసు వస్తే గూట్లో దాచకండి. బ్లైస్‌డెల్ దంపతులకు గడువు దొరికినది, విడిపించుకొనే గడువు తీరకముందే కోర్టుకు పోయి, నెలనెలా కట్టగలమని చూపినందువల్లనే. విస్తరణ ఉద్యోగులు కూడా రైతుకు అప్పు ఎంత వస్తుందో చెప్పేటప్పుడు, దేనిని తనఖా పెడుతున్నాడో ఆ మాట కూడా అడిగి తెలుసుకొని చెప్పవలెను.