పెంటకోట తెప్పల పందెం

ఇంకాస్త ఇటు జరుగు, పొగ అటు మళ్ళింది. నిన్న టీవీలో తెల్లతోలు దొరలు చలికాలంలో తెరచాప పడవలతో పందేలు వేసుకుంటుంటే నోరు తెరుచుకుని చూశావుగా. చలికి దుప్పటి తీయనివాడివి, వాళ్ళు మంచునీళ్ళలో తడుస్తుంటే ముచ్చటపడ్డావు. పొరుగింటి పుల్లకూర రుచి మరి! అలాంటి పందేలు మన పెంటకోట ఒడ్డున రోజూ చూస్తూ పెరిగాన్రా నేను.

నయాపైసలు వచ్చిన కొత్తలు, అంటే 1957, 58 నాటి మాట. చేతికి కొత్త పైసలు వచ్చినా నోటికి అణా, బేడాలే వచ్చేవి. పాయకరావుపేట నుంచి ఏటిగట్టు పట్టుకుని తూర్పుగా నడిస్తే తాండవ నది సముద్రంలో కలిసేచోట పెంటకోట. అక్కడ బేడా పెడితే కవళ్ళ చేపలు తట్టలో కుప్పగా పోసేవారు. పైన రెండు కొసరు వేయకపోతే మా అమ్మ కదిలేది కాదు. చేపలమ్మే ఆడవాళ్ళు అదే తట్ట నెత్తిన పెట్టుకుని, తాండవ దాటి తుని సంత దాకా ఒక్క ఊపున నడిచేవారు. తిరిగి వచ్చేటప్పుడు అదే తట్టలో ఉప్పు, మిరపకాయలు, పేట తోటల తమలపాకుల కట్ట ఒకటి. ఆ ఆకుల రుచి చెప్పమంటే ఈ రాత్రి చాలదు. తెప్పల దగ్గరికి వద్దాం.

తెప్ప అంటే లోపల కూర్చునే పడవ కాదు. తేలికరకం కొయ్య దుంగల్ని చెక్కి, పక్కపక్కన పేర్చి, తాళ్ళతో బిగించి కట్టేది. నీళ్ళు దుంగల సందులోంచి పైకొస్తాయి, కిందికి పోతాయి. అందుకే అది మునగదు. వేట నుంచి రాగానే కట్లు విప్పి దుంగల్ని ఇసుకలో ఆరబెట్టేవారు. నీరు పీల్చిన కొయ్య బరువెక్కి మర్నాడు పరుగెత్తదు కదా! వెదురు కర్రకు వాలుగా తెరచాప, గాలి పక్కకు నెట్టేయకుండా నీళ్ళలోకి దించే పలక ఒకటి, వెనక చుక్కానికి బదులు పొడవాటి తెడ్డు. అంతే సరంజామా. చాప గుడ్డకు బెరడు కషాయం పట్టించేవారు, ఉప్పునీటికి త్వరగా చివికిపోకుండా.

చలికాలంలో తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం మీదికి వీస్తుంది. ఆ గాలితో లోపలికి పోయేవారు. పొద్దెక్కి ఇసుక వేడెక్కాక గాలి మళ్ళుతుంది, దాంతో ఒడ్డుకి. గాలి ఉండగానే తూర్పారబట్టుకోవాలి అంటారే, రైతుకి ఎంతో వాళ్ళకీ అంతే. గాలి మళ్ళడం ఆలస్యం, దూరాన చాపలు ఒక్కొక్కటే లేచేవి. మొదట ఒడ్డు చేరినవాడి చేపకే మంచి ధర. వెనకబడినవాడు బేరగాడు చెప్పినంతకు ఇచ్చుకోవాలి. అదీ పందెం! కప్పు లేదు, ఈలలేసే పెద్దమనిషి లేడు. ఒకడు తెడ్డు పట్టేవాడు, రెండోవాడు బొచ్చెతో నీళ్ళు తోడి చాప మీద చల్లుతూనే ఉండేవాడు. ఎందుకో చెప్పు చూద్దాం? ఏం చదువుతున్నార్రా మీరు! తడిస్తే నేత బిగుసుకుంటుంది, గాలి జారిపోదు.

ఆ ఒడ్డునే ఒక బావా బావమరిదీ ఉండేవారు. ఒకరంటే ఒకరికి ప్రాణం, తెప్ప ఎక్కితే మాత్రం బద్ధశత్రువులు. ఓడినవాడు ఆ పూట గెలిచినవాడి గుమ్మం తొక్కడు. ఒక భోగినాడు ఇద్దరూ సరిసమానంగా వచ్చారు. పెద్ద కెరటాలు వరసగా వచ్చిపోయాక కాస్త తెరిపి ఇస్తాయి. అందాకా చాప దించి బయటే ఆగాలి. బావ ఆగాడు. బావమరిది ఆగలేదు. చాపతోనే దూసుకొచ్చాడు, కెరటం వెనక నుంచి ఎత్తి తెప్పను బోర్లా కొట్టింది. చేపలన్నీ వచ్చినచోటికే పోయాయి. బావ తన తెప్ప వదిలేసి దూకి, అతణ్ణి జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చాడు. ఒడ్డున ఇద్దరూ తిట్టుకున్న తిట్లు నీకు చెప్పకూడదు. సాయంత్రం మాత్రం బావ తట్టలో సగం బావమరిది ఇంటికి పోయింది. పండగ పూట చెల్లెలి ఇంట పొయ్యి వెలగొద్దూ!

నిన్న టీవీలో చూసిన రెండు పొట్టల పడవ మన తెప్ప లాంటిది కాదు. అది పసిఫిక్ దీవులవాళ్ళ పనితనం. 1876లో హెరెషాఫ్ అనే అమెరికావాడు అలాంటిది కట్టి న్యూయార్క్ పందెంలో అందర్నీ వెనకేశాడట. మెచ్చుకోవాల్సిందిపోయి, ఇది మా పడవల్లాంటిది కాదు, చెల్లదు పొమ్మన్నారు. పెద్దమనుషుల పందెంలోనూ ఏడుపు ఉంటుందన్నమాట.

మన ఒడ్డుకి తర్వాత ఫైబర్ తెప్పలొచ్చాయి, మోటార్లొచ్చాయి. ప్రాణానికి భద్రం, పొద్దు కలిసొస్తుంది, నేను కాదనను. కానీ గాలిని చూసి చాప తిప్పే విద్య మాత్రం, ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు, వదిలేశాం. ఇప్పుడు పెంటకోట పిల్లల్లో తెరచాప పట్టుకున్నవాడు నాకైతే కనబడలేదు. అది నన్ను బాధిస్తుందిరా.

బయట చూడు, మన విశాఖ పిల్ల స్వాతి, అప్పట్లో నేవీలో ఆఫీసరు, మరో అయిదుగురు ఆడపిల్లలతో కలిసి తారిణి అనే 56 అడుగుల తెరచాప పడవ మీద భూమి చుట్టి వచ్చింది. 2017 సెప్టెంబరులో గోవాలో బయల్దేరి 2018 మే నెలలో దిగారు. హైదరాబాదులో సముద్రమే లేదు, హుస్సేన్‌సాగర్‌లో పేదింటి పిల్లలకు ఆప్టిమిస్ట్ అనే బుల్లి పడవలు నేర్పుతున్నారు. రెండు మీటర్ల పైచిలుకు పొడవు, పదిహేనేళ్ళ లోపు పిల్లలు ఒక్కరే నడుపుతారు. ఆ పిల్లలు దేశం పోటీల్లో పతకాలు తెస్తున్నారు. సముద్రం గుమ్మంలో ఉన్న పెంటకోట పిల్లలకి ఆ పాటి పడవలు నాలుగు దొరకవా? నేర్పడానికి చాప పట్టిన ముసలివాళ్ళు ఇంకా కొందరున్నారు. వాళ్ళున్నప్పుడే జరగాలి. నువ్వు చదువుకున్నవాడివి. కలెక్టరుగారికి ఒక అర్జీ రాయి, నేను చెబుతాను. పెంటకోట పెద్దలతో సంతకాలు పెట్టించే పూచీ నాది. సంక్రాంతి సెలవులు అయిపోకముందే రాయాలి సుమా.