ఎనిమిదింటిలో ఏది తప్పింది?

“ఇంజిన్ మిస్సింగ్ కొడుతోంది” అంటారు మన మెకానిక్కులు. యంత్రశాస్త్రం చదవని నాకు ఆ మాట ఎంతో ఇష్టం. పద్యపాదంలో ఒక గణం జారిపోతే, ఛందస్సు తెలియని చెవికి సైతం ఏదో తట్టినట్లవుతుంది. ఎనిమిది సిలిండర్లలో ఒకటి మండకపోయినా అంతే. ఆ లోపాన్ని పట్టుకోవడం చెవి చేతిలోనుండి లెక్క చేతిలోకి ఎలా వెళ్ళిందో, అమెరికా వారి స్పోర్ట్స్ కారు కార్వెట్ ఆధారంగా మిత్రులకు మనవి చేస్తాను.

ఈ కథకు మూలం కార్ల షెడ్డులో లేదు, లాస్ ఏంజెలిస్ ఆకాశంలో ఉంది. వాహనాల పొగలోని హైడ్రోకార్బన్లు, నత్రజని ఆక్సైడులు ఎండ తగిలి ఆ నగరపు విషపు మంచుగా మారుతున్నాయని 1950 దశకం తొలినాళ్ళలో హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు నిరూపించాడు. ఆపైన కట్టడులు బిగిశాయి. 1975 మోడళ్ళనుండి అమెరికా కార్ల పొగగొట్టాలలో క్యాటలిటిక్ కన్వర్టర్లు విరివిగా చేరాయి. లోపల తేనెపట్టు వంటి గూడు, దానికి ప్లాటినం వంటి విలువైన లోహాల పూత. సిలిండరు మండకపోతే ఆ పచ్చి పెట్రోలు ఈ గూటిలోకి వచ్చి, అక్కడ మండుతుంది. గూడు కరిగి పూడుకుపోతుంది. ప్రభుత్వం మిస్‌ఫైర్ మీద కన్ను వేసింది ఇందుకే. నడిపేవాని సుఖం దాని లెక్కలో లేదు.

కాలిఫోర్నియాలో 1988 మోడళ్ళతో వచ్చిన తొలితరం స్వయంపరీక్షా నియమాలలో మిస్‌ఫైర్ ఊసే లేదు. 1992 కార్వెట్‌నే చూడండి. ఎనిమిది సిలిండర్లకూ నిప్పురవ్వను పంచే ఆప్టిస్పార్క్ అనే పరికరాన్ని తీసుకుపోయి నీటి పంపు కింద అమర్చారు! పంపు కారితే అది తడిసేది, ఇంజిన్ తడబడేది. తప్పింది ఏ సిలిండరో మెకానిక్కే తడుముకోవాలి. ఆ అమరిక చేసినవారి తెలివి నాకు నేటికీ బోధపడదు.

1996 మోడళ్ళనుండి అమెరికాలో అన్ని కార్లకూ రెండవతరం నియమాలు తప్పనిసరి అయ్యాయి. మరుసటి ఏడు వచ్చిన కొత్త కార్వెట్‌లో ప్రతి సిలిండరుకూ ప్రత్యేకంగా ఒక కాయిల్ ఉంది. పని ఎంత సూక్ష్మమో చూడండి: క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేలోగా ఎనిమిది సిలిండర్లూ ఒక్కొక్కసారి మండాలి. నిమిషానికి 6000 చుట్ల వేగంలో సెకనుకు 400 మంటలు. మంటకూ మంటకూ నడుమ రెండున్నర మిల్లీసెకన్లు. ఒకటి తప్పితే షాఫ్ట్ రవంత మందగిస్తుంది. దానిమీది పళ్ళను లెక్కించే సెన్సారు ఆ రవంతనే పట్టుకోవాలి. గతుకుల బాటలో చక్రాల కుదుపు కూడా షాఫ్ట్‌ను అలాగే తడబరచి, లేని తప్పును ఉన్నట్లు చూపగలదు.

ఇక సంకేతానికి విగ్రహవాక్యం చెప్పుకుందాం. పీ-0303లో ‘పీ’ అంటే ఇంజిను, గేర్ల విభాగం. తరువాతి సున్న అన్ని కంపెనీలకూ ఉమ్మడి సంకేతమని గుర్తు. ఆపై 3 జ్వలన వ్యవస్థకు, చివరి 03 మూడవ సిలిండరుకు. చివర 00 ఉంటే తప్పు ఒకచోట నిలవడం లేదని అర్థం. ఆ కార్వెట్‌లో వీటిని ఏ పరికరమూ తగిలించకుండా డ్యాష్‌బోర్డు మీదనే చదువుకోవచ్చు. దీపం నిలకడగా వెలిగితే పరీక్ష చేయించమని, మిణుకుమిణుకుమంటే కన్వర్టరు కాలిపోయేలోగా వేగం తగ్గించమని. ఈ భేదం తెలియక మిణుకుతున్న దీపంతోనే కారును ఉరికించేవారిని చూస్తే జాలి కలుగుతుంది.

అయితే సంకేతం తప్పు జరిగిన చోటు చెబుతుందే గాని కారణం చెప్పదు. అక్కడ మనిషి కావాలి. అనుభవజ్ఞుడు మూడవ సిలిండరు కాయిల్‌ను తీసి అయిదవదానికి మార్చి, ఇంజిన్ నడిపి చూస్తాడు. సంకేతం 0305గా మారిందా, దోషం కాయిల్‌దే. 0303గానే నిలిచిందా, స్పార్క్ ప్లగ్గు, తీగ, ఇంజెక్టరు వరుసగా చూసి, చివరకు కంప్రెషన్ కొలుస్తాడు. 0300 వస్తే మాత్రం ఒక్క సిలిండరును పట్టుకు కూర్చోడు. గాలి దొంగదారిన చొరబడుతోందా, పెట్రోలు పంపు నీరసించిందా అని అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నవాటిని వెతుకుతాడు.